స్పీడ్ బ్రేకర్ మెల్లగా ఎక్కినా ముందు స్ప్రింగ్ విరిగింది, తప్పు నాదేనంటున్నారు

ఉప్పాడ_రోడ్డు
కారు కొని నాలుగేళ్లు దాటిందండి, అరవై వేల కిలోమీటర్ల పైన తిరిగింది. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా ఉంది. మొన్న మా వీధి స్పీడ్ బ్రేకర్ మీదకి ఫస్ట్ గేర్‌లో ఎక్కుతుంటే ముందు ఎడమ చక్రం దగ్గర టంగుమని మోగింది. దిగి చూస్తే ఏమీ కనపడలేదు. ఇంటికొచ్చి స్టీరింగ్ తిప్పితే కటకటమని చప్పుడు, బండి ఎడమ వైపు కాస్త కుంగినట్టుంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ర్యాంపు ఎక్కించి చూపించారు. కాయిల్ స్ప్రింగ్ అడుగు చుట్టు విరిగి, ఆ ముక్క స్ట్రట్ (స్ప్రింగ్‌ని మోసే షాక్ అబ్జార్బర్ గొట్టం) కింది గిన్నెలో పడుంది.

వాళ్లేమంటున్నారంటే, ఎక్కడో పెద్ద గుంతలో వేగంగా దించారు, దెబ్బకి విరిగింది, కాబట్టి వారంటీ రాదట. నేను అలా దించలేదండి. రోజూ కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డు మీద వెళ్లొస్తాను, అంతే. విరిగిన ముక్క అడిగి తెచ్చుకున్నాను. విరిగిన ముఖం మీద అంచున గోరంత మేర గోధుమ రంగు మచ్చ ఉంది. మిగతాదంతా బూడిద రంగులో గరుగ్గా మెరుస్తోంది. వాళ్లు ఆ మెరిసే భాగమే చూపించి "చూడండి, ఎక్కువ భాగం కొత్తగా విరిగిందే కదా" అంటున్నారు.

ఇంత మెల్లగా వెళ్తే స్ప్రింగ్ విరుగుతుందా? బయట మెకానిక్ ఒకాయన వెల్డింగ్ పెట్టేస్తానంటున్నాడు, పనికొస్తుందా? మార్చాల్సి వస్తే ఒక్క వైపేనా, రెండు వైపులానా?

రాత్రి_బండి
ముందు బండి నడపడం ఆపెయ్యన్నా. విరిగిన కాయిల్ కొస టైరుకి తగిలిందంటే సైడ్ వాల్ కోసేస్తది. హైవే మీద అట్లయితే ఆలోచించే టైం కూడా ఉండదు.

ఉప్పాడ_రోడ్డు
ఆపేశానండి. షెడ్డులోనే ఉంది.

పల్లె_ట్యాక్సీ
ఇప్పటి బండ్లకు స్ప్రింగులు సన్నగ చేస్తున్నరు, అదే అసలు కత. మా నాయిన అంబాసిడర్ నడిపిండు. నల్లగొండ దిక్కు ఊర్ల రోడ్ల మీద పది మందిని ఎక్కించుకొని తిరిగిండు. ఒక్కనాడు స్ప్రింగ్ విరిగిందని ఇంటికి నడిచి రాలేదు.

ఆటోనగర్_కమాన్
అంబాసిడర్‌కి వెనకాల కమాన్ కట్టలు తమ్ముడూ, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టాలు. అందులో పట్టా విరగలేదని కాదు, ఒక పట్టా విరిగినా మిగతావి మోస్తయ్. మీ నాయన ఇంటికొచ్చాక ఎప్పుడో షెడ్డుకి తెస్తే మా బోటోళ్లం కట్ట విప్పి ఆ ఒక్క పట్టా మార్చి పంపేవాళ్లం. కాయిల్‌కి ఆ సుఖం లేదు. ఉండేది ఒకటే కడ్డీ.

లోహం_లెక్చరర్
ఉప్పాడ_రోడ్డు గారూ, ఆ ముక్కని ఎవరికీ ఇవ్వకండి. గుడ్డతో తుడవకండి. రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి సరిపోతున్నాయో లేదో చూడకండి, గీతలు చెరిగిపోతాయి. మీ వాదనంతా ఆ గోరంత గోధుమ రంగు మచ్చలోనే ఉంది.

ఒక్క దెబ్బకి విరిగిన ఉక్కు ముఖమంతా ఒకేలా, తాజాగా ఉంటుంది. తుప్పు పట్టాలంటే నీరు తగలాలి, కొంత కాలం గడవాలి. అంచున గోధుమ రంగు ఉందంటే ఆ మేర పగులు చాలా ముందు నుంచే ఉంది, తేమ అందులోకి దిగుతూనే ఉంది. బండి ఊగిన ప్రతిసారీ అది కంటికి కనపడనంత లోపలికి పాకుతూ వచ్చింది. ఒకరోజు మిగిలిన భాగం బరువు మోయలేక ఒక్కసారిగా తెగింది. మీకు వినపడిన టంగుమన్న చప్పుడు ఆ చివరి తెగుడుది. దీన్నే మెటల్ ఫెటీగ్, అంటే లోహపు అలసట అంటారు. చివరిసారి తెగడానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు, మీ వీధి స్పీడ్ బ్రేకర్ సరిపోతుంది.

ఇక "ఎక్కువ భాగం కొత్తదే కదా" అన్న వాళ్ల మాట. మెత్తటి ఉక్కుతో చేసిన ఇరుసులాంటిదైతే చాలాసార్లు ముఖంలో ఎక్కువ భాగం పాత పగులు పాకాక గానీ విరగదు. స్ప్రింగ్ ఉక్కు వేరు. సిలికాన్ కలిపి, వేడిచేసి చల్లార్చి బాగా గట్టిపరిచిన ఉక్కు అది. బలం చాలా ఎక్కువ, కానీ పగులుని ఓర్చుకునే గుణం తక్కువ. అందుకే చిన్న పగులు చాలు, మిగతాదంతా ఒకేసారి పోతుంది. మచ్చ చిన్నదిగా ఉండటం స్ప్రింగ్ విషయంలో మామూలే. అది గుంత దెబ్బకి సాక్ష్యం కాదు.

టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేసి భూతద్దంతో చూడండి. మచ్చలో ఒక చుక్క చుట్టూ నెలవంకల్లాంటి గీతలు కనపడొచ్చు. తుప్పు తినేసి ఉంటే కనపడకపోనూ వచ్చు. కనపడితే మాత్రం అవన్నీ ఏ చుక్క వైపు తిరిగి ఉన్నాయో అక్కడే పగులు పుట్టింది. అక్కడ కడ్డీ పైపొర మీద పెయింటు లేచిందా, చిన్న గుంట పడిందా, రెండు చుట్లు ఒరుసుకున్న గుర్తు ఉందా చూసి చెప్పండి.

ఉప్పాడ_రోడ్డు
చూశానండి. గీతలు ఒకటి రెండు లీలగా ఉన్నాయి. అవి వంపు తిరిగిన చోట కడ్డీ మీద పెయింటు లేచిపోయి సన్న గుంట ఉంది, దాని నిండా తుప్పు. కింది గిన్నెలో స్ప్రింగ్ కూర్చునే చోటికి ఆనుకునే ఉంది. గిన్నెలో ఇసుక గట్టిగా పేరుకుపోయి ఉంది. విరిగిన ముఖం కూడా అడ్డంగా లేదు, ఏటవాలుగా ఉంది.

లోహం_లెక్చరర్
సరిగ్గా పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది. కాయిల్ నొక్కుకున్నప్పుడు ఆ చుట్టిన కడ్డీ వంగడం కన్నా ఎక్కువగా మెలి తిరుగుతుంది. మెలితిప్పే బలానికి పగులు సుమారు నలభై అయిదు డిగ్రీల ఏటవాలులో పాకుతుంది.

తయారీలో ఈ స్ప్రింగుల మీదకి సన్నటి ఉక్కు గుళ్లని మహా వేగంగా కొడతారు. షాట్ పీనింగ్ అంటారు. దాంతో పైపొర నొక్కుకుపోయి బిగుసుకుని ఉంటుంది. పగులు తెరుచుకోవాలంటే లోహం సాగాలి, నొక్కుకుని ఉన్న పొరలో అది అంత తేలిగ్గా జరగదు. స్ప్రింగ్ ఆయుష్షంతా ఆ పొరలోనే ఉంది. కానీ ఆ పొర మందం మిల్లీమీటరులో పదో వంతుల లెక్కలోనిది. పెయింటు లేచి, ఉప్పు తగిలి, తుప్పు గుంట అంత లోతు దిగిందంటే రక్షణ పోయినట్టే. గుంట అడుగున ఒత్తిడి పోగుపడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది.

సర్వీస్_కౌంటర్
వర్క్‌షాప్‌లో పనిచేసినవాడిగా రెండో వైపు కూడా చెప్పాలి. గుంతలో గట్టిగా కొట్టి తెచ్చి "మెల్లగానే వెళ్లాను" అనే వాళ్లు రోజూ వస్తారు. అడ్వైజర్ ప్రతిదాన్నీ అనుమానించడం అక్కడి నుంచే వస్తుంది. కానీ అంత దెబ్బ తగిలితే గుర్తులు ఒక్క స్ప్రింగ్‌లోనే ఉండవు. రిమ్ అంచు వంగుతుంది, టైరు పక్కన బుడగ వస్తుంది, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి) వంగుతుంది, స్ట్రట్ రాడ్ వంగి ఆయిల్ కారుతుంది, బంప్ స్టాపర్ నలుగుతుంది, అలైన్‌మెంట్ రీడింగ్ బాగా తప్పుతుంది. ఇవేవీ లేకుండా స్ప్రింగ్ ఒక్కటే విరిగితే దెబ్బ అనడం నిలబడదు. "బయటి దెబ్బ వల్ల" అని జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టమనండి, రిమ్, టైరు, ఆర్మ్ పరిస్థితి ఏమిటో కూడా రాయమనండి.

ఉప్పాడ_రోడ్డు
రిమ్, టైరు శుభ్రంగా ఉన్నాయండి. రేపు ఇదే అడుగుతాను.

గుంటూరు_గేరు
లెక్చరర్ గారు చెప్పింది కాదనను గానీ, గుంతల్ని పూర్తిగా వదిలేస్తే ఎట్టా? తుప్పు గుంట పడ్డాక దాన్ని పగలగొట్టేది రోడ్డేగా. మంచి రోడ్డు మీద తిరిగే బండికి ఉప్పు గాలి తగిలినా ఇంత తొందరగా విరగదు.

లోహం_లెక్చరర్
ఒప్పుకుంటాను. రెండూ కలిస్తేనే ఇంత త్వరగా వస్తుంది. గతుకుల రోడ్డు మీద చక్రం సెకనుకి పది సార్ల పైన ఎగిరి పడుతుంది. అరవై స్పీడులో అంటే నిమిషానికో కిలోమీటరు, కిలోమీటరుకి ఆరు వందల ఊపులు. అరవై వేల కిలోమీటర్లకి మూడు కోట్ల అరవై లక్షలు. ఇందులో ఎక్కువ భాగం చిన్న ఊపులే. శుభ్రమైన ఉక్కు ఒక హద్దు లోపలి ఊపుల్ని ఎన్ని కోట్ల సార్లైనా భరిస్తుంది. తుప్పు మొదలయ్యాక ఆ హద్దు ఉండదు, చిన్న ఊపు కూడా లెక్కలోకి వస్తుంది.

ఒకసారి పగులు పుట్టాక అది పాకే వేగం ఉక్కులో సుమారుగా ఒత్తిడి మూడో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. ఊపులోని ఒత్తిడి రెట్టింపైతే పగులు ఎనిమిది రెట్లు వేగంగా పాకుతుంది. ఓవర్‌లోడ్, గుంతలు ప్రాణం తీసేది ఇక్కడే. కాబట్టి మీ మాటా నిజమే, ఉప్పాడ_రోడ్డు గారి మాటా నిజమే.

కాకినాడ_కెరటం
ఆ బీచ్ రోడ్డు చూడని వాళ్లకి చెప్తున్నానండి. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరినే కోసుకుంటూ వస్తోంది. తుపాను రోజుల్లో కెరటం రాళ్ల గట్టు దాటి రోడ్డు మీద పడుతుంది. ఉప్పు నీరు ఎగిరి బండి అడుగంతా తడుస్తుంది, పైన ఇసుక అతుక్కుంటుంది. మా ఇంట్లో గేటు కమ్మీలే నిలవవు, ఇంక బండి అడుగు భాగం సంగతి చెప్పాలా! ఈ రోడ్డు మీద తిరిగే వాళ్లు బాడీకి పాలిష్ పెట్టించే డబ్బుతో కింద నీళ్లు కొట్టించుకుంటే మంచిదండి.

డెట్రాయిట్_చలి
మాకు సముద్రం లేదు, ఉప్పు మాత్రం రోడ్డు మీదే పోస్తారు. చలికాలం మంచు కరగడానికి చల్లే ఉప్పు బండ్ల అడుగు భాగాల్ని తినేస్తుంది. ఫోర్డ్ కంపెనీ 2010లో విండ్‌స్టార్ వ్యాన్లు, 1998 నుంచి 2003 మోడళ్లవి, అయిదు లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. వెనక యాక్సిల్ బీమ్ తుప్పు పట్టి, పగులు పుట్టి, విరిగే ప్రమాదం ఉందని. ఉప్పు ఎక్కువ వాడే రాష్ట్రాల బండ్లకే ఆ రీకాల్. అదే వ్యాను ఎండ రాష్ట్రాల్లో తిరిగితే ఆ బెడద లేదు. ఇంగ్లండ్‌లో ఉన్న మా బావగారి బండికీ ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో స్ప్రింగ్ విరిగిందని పట్టుకున్నారు. ఆయనకి అసలు చప్పుడే వినపడలేదు. అక్కడ మెకానిక్‌కి అది రోజూ చూసే పనే.

పల్లె_ట్యాక్సీ
మరి మా దిక్కు సముద్రం లేదు, మంచు లేదు. నా బండికి లోయర్ ఆర్మ్ పగిలింది. దానికేం చెప్తరు? వెల్డింగ్ పెట్టిచ్చిన, మస్తు నడుస్తున్నది, ఏం కాలే.

ఆటోనగర్_కమాన్
ఏ చోట పగిలింది? రబ్బరు బుష్ కూర్చునే గొట్టం పక్కనా?

పల్లె_ట్యాక్సీ
అవునన్నా. ఆ గొట్టం అతుకు పొంటే సన్నగ గీత లెక్క వచ్చింది. బుష్ అయితే ఎప్పుడో పోయింది, టక్కుటక్కుమని కొడుతుండె.

ఆటోనగర్_కమాన్
అదే. బుష్ రబ్బరు పోయాక ఇనుము ఇనుముని కొట్టుకుంటది. ఆ దెబ్బలన్నీ అతుకు అంచుకే పడతయ్. బుష్ పోయిన రోజే మార్చుంటే ఆర్మ్ పగిలేది కాదు.

లోహం_లెక్చరర్
పల్లె_ట్యాక్సీ అన్నా, కోపం తెచ్చుకోకుండా వినండి. మీ ఆర్మ్ ప్రెస్ చేసిన రేకుతో చేసింది, ఫ్యాక్టరీలో కూడా దాన్ని వెల్డింగ్‌తోనే అతికారు. అందుకే మీది వెంటనే ఊడిపోలేదు. కానీ ఫ్యాక్టరీ అతుక్కి లెక్క ఉంటుంది, ఎంత వేడి, ఎంత వేగం, అంచు ఎంత నున్నగా ఉండాలి అని. షెడ్డులో పగులు మీద పూసిన అతుకు అంచు దగ్గర చిన్న గాడి మిగులుతుంది. కొత్త పగులు అతుకులో రాదు, దాని పక్కన వస్తుంది. పైగా లోపల పాత పగులు చివర అలాగే మిగిలిపోయి ఉండొచ్చు. ఆ ఆర్మ్ విరిగితే చక్రం లోపలికి మడుచుకుపోతుంది. మీ వెనక సీట్లో ప్యాసింజర్లు ఉంటారు. దయచేసి ఈ వారంలోనే కొత్త ఆర్మ్ వేయించండి.

స్ప్రింగ్ మాటకొస్తే వెల్డింగ్ అసలు ఆలోచనే వద్దు. అందులో కార్బన్ ఎక్కువ. వెల్డింగ్ వేడి తగిలి చుట్టూ ఉన్న చల్లటి లోహం వల్ల గబుక్కున చల్లారినప్పుడు అతుకు పక్క పొర పెళుసుగా మారుతుంది. ఆ కాస్త అవతల వేడికి మెత్తబడుతుంది. షాట్ పీనింగ్ పొర పూర్తిగా పోతుంది. అది బయటికి స్ప్రింగ్‌లా కనపడుతుంది, అంతే.

పల్లె_ట్యాక్సీ
కోపమేం లేదు సార్. ప్యాసింజర్ల మాట అంటిరి, అది మనసుకు తగిలింది. ఆర్మ్ ధర కనుక్కుంట.

ఆటోనగర్_కమాన్
మా కమాన్ పనిలో కూడా పట్టాకి వెల్డింగ్ పెట్టం. లారీల్లో పట్టా విరిగితే ఎక్కువగా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే విరుగుద్ది. రంధ్రం ఉన్న చోట లోహం తక్కువ, బరువు మాత్రం అదే. కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు బిగువుగా ఉన్నంత కాలం ఆ నడుము భాగం కదలదు, రంధ్రానికి పనుండదు. యూ బోల్టు వదులైతే నడుము వంగడం మొదలవుద్ది, తర్వాత లోడు ట్రిప్పుల్లో ఎప్పుడో రంధ్రం దగ్గర పుటుక్కుమంటది. అందుకే కొత్త కట్ట వేసిన బండిని కాస్త తిరిగాక మళ్లీ తెచ్చి బోల్టులు బిగించుకోమని చెప్తా. వినే డ్రైవర్లు తక్కువ.

ఇంకోటి. మా షెడ్డులో పట్టా మీద సుత్తి మొన తగలనివ్వను. కుర్రాళ్లు విసుక్కుంటారు. సుత్తి గాటు పడ్డ చోటే రేపు నెర్రె ఇస్తది. ఇసుక లోడు, గ్రానైట్ లోడు బండ్లలో చూశా, గాటు ఉన్న పట్టానే ముందు పోద్ది.

ఇరుసుల_పరీక్ష
కమాన్ గారి సుత్తి మాట బంగారం. రైల్వేలో మేం ఇరుసు మీద గీత పడినా ఊరుకోం.

ఈ అలసట శాస్త్రం పుట్టిందే రైలు ఇరుసుల దగ్గర. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్లే రైలింజను ఇరుసు విరిగి పెద్ద ప్రమాదం జరిగింది, పెట్టెలు తగలబడి ఎంతోమంది చనిపోయారు. విరిగిన ముఖం పలుకులు పలుకులుగా మెరుస్తుంటే, వాడగా వాడగా ఇనుము స్ఫటికంలా మారిపోతుందని అప్పట్లో చాలామంది నమ్మారు. ఇప్పటికీ షెడ్లలో "ఇనుము పలుకు తిరిగింది" అనేవాళ్లున్నారు. లోహం మారదు. మెరిసేది చివర్లో ఒక్కసారిగా తెగిన భాగం. తర్వాత 1850, 60లలో జర్మనీలో అవుగుస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఇరుసుల్ని యంత్రం మీద తిప్పి తిప్పి, ఎంత బరువుకి ఎన్ని తిరుగుళ్లకి విరుగుతాయో లెక్క కట్టాడు. ఒక్కసారికి ఏ మాత్రం హాని చేయని బరువే లక్షల సార్లు పడితే విరగ్గొడుతుందని తేల్చాడు. ఇనుప తీగని అటూ ఇటూ వంచి తెంపడం అందరికీ తెలిసిందే, ఆయన దానికి అంకెలు ఇచ్చాడు.

ఇప్పుడు మేం ఇరుసుల్ని అల్ట్రాసోనిక్ పరికరంతో చూస్తాం. కార్లకి ఆ పద్ధతి లేదు గానీ ఇంట్లో చేసుకోదగ్గది ఒకటుంది. అల్ట్రాసోనిక్ రాకముందు రైల్వేల్లో వాడిన పద్ధతే. అనుమానం ఉన్న భాగాన్ని మట్టి, గ్రీజు లేకుండా శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. కిరోసిన్ పూసి అరగంట వదిలేయాలి. పైపైన గుడ్డతో బాగా తుడిచి, సుద్దపొడి నీళ్లలో కలిపి పల్చగా పూసి ఆరనివ్వాలి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి సన్నటి తడి గీత కనపడుతుంది. లోయర్ ఆర్మ్ అతుకులకి, నకిల్‌కి (చక్రం హబ్‌ని పట్టుకునే భాగం) ఇది బాగా పనిచేస్తుంది.

సునీత_స్టీరింగ్
కిరోసిన్ ఇప్పుడు రేషన్ షాపులో కూడా దొరకట్లేదు అంకుల్. పెయింటు మీద చేయొచ్చా?

ఇరుసుల_పరీక్ష
పెయింటు తీసి చేయాలమ్మా, పగులు పెయింటు కింద మూసుకుపోయి ఉంటే నూనె లోపలికి దిగదు. కిరోసిన్ లేకపోతే డై పెనెట్రెంట్ అని మూడు స్ప్రే డబ్బాల సెట్టు హార్డ్‌వేర్ సామాన్ల దగ్గర దొరుకుతుంది. ఒకటి శుభ్రం చేయడానికి, ఒకటి ఎర్ర రంగు, ఒకటి తెల్ల పొడి. కిరోసిన్ కన్నా స్పష్టంగా ఎర్ర గీత చూపిస్తుంది. స్ప్రింగ్‌కి మాత్రం పెయింటు గీకి పరీక్ష చేసి మళ్లీ వాడొద్దు. గీకాల్సినంత అనుమానం ఉంటే మార్చేయడమే.

సునీత_స్టీరింగ్
నాది విశాఖ, ఇల్లు బీచ్ రోడ్డుకి దగ్గర. తుప్పు పోవడానికి స్ప్రింగ్‌ని యాసిడ్‌తో కడిగి మళ్లీ పెయింటు వేస్తామని ఒక షెడ్డులో అన్నారు. అది సరేనా?

లోహం_లెక్చరర్
వద్దు మేడం. ఈ ఒక్కటి గట్టిగా చెప్తాను. యాసిడ్ ఉక్కుతో కలిసినప్పుడు పుట్టే హైడ్రోజన్ లోహం లోపలికి చొరబడుతుంది. మామూలు ఇనుప గేటుకి నష్టం లేదు. ఇంత గట్టి ఉక్కుని మాత్రం అది పెళుసు చేస్తుంది. ఏ దెబ్బా లేకుండా, బండి నిలబడి ఉన్నప్పుడే విరిగిన స్ప్రింగులు ఉన్నాయి. క్రోమ్ ప్లేటింగ్ చేయించినా ఇదే ప్రమాదం. నీళ్లతో కడగండి, పైపై పెయింటు గీతలుంటే వెంటనే పూయండి. గుంటలు పడితే మార్చండి.

రోడ్డు_ఇంజనీరు
స్పీడ్ బ్రేకర్ మాట మొదట్లోనే వచ్చింది గనుక. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల 1988 నాటి ఐఆర్‌సీ 99 ప్రమాణం గుండ్రటి హంప్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా ఉండాలని చెప్పింది. మన వీధుల్లో ఇంటి ముందు సిమెంటు మిగిలితే అడుగు వెడల్పున కుప్ప పోసేస్తారు. అలాంటి దాని మీద చక్రం ఎక్కడం కాదు, ఢీకొంటుంది. దిగేటప్పుడు సస్పెన్షన్ పూర్తిగా సాగి మళ్లీ పూర్తిగా నొక్కుకుంటుంది. దీని మీద మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నేను మా కాలనీలో ఇచ్చి రెండు కుప్పలు తీయించాను.

గుంటూరు_గేరు
ఈ పోస్టుకి నా రెండు చేతులూ ఎత్తుతున్నా. మా సందులో అయితే పెళ్లికో హంప్, చావుకో హంప్.

అల్లాయ్_అభిమాని
ఖరీదు బండ్లకి అల్యూమినియం ఆర్మ్‌లు వస్తున్నాయి కదా. తుప్పు గొడవ ఉండదు, అవి మేలు కాదా?

లోహం_లెక్చరర్
తుప్పు పరంగా మేలే, బరువూ తక్కువ. కానీ ఉక్కుకి ఉన్నట్టు "ఇంతలోపు అయితే ఎన్నాళ్లైనా" అనే స్పష్టమైన హద్దు అల్యూమినియానికి లేదు. చిన్న ఊపులు కూడా ఎప్పటికో ఒకప్పటికి లెక్క తేలుస్తాయి. కంపెనీ ఆ ఆయుష్షు లెక్కేసుకునే మందం పెడుతుంది, కాబట్టి భయం అక్కర్లేదు. వంగిన అల్యూమినియం ఆర్మ్‌ని మాత్రం సుత్తితో తిన్నగా చేసి వేయించుకోకండి. వంగింది అంటే మార్చడమే.

స్క్రాపు_సాయం
ఉప్పాడ_రోడ్డు బ్రో, స్క్రాపు మార్కెట్లో అదే మోడల్ స్ప్రింగులు జత దొరుకుతాయి, సగానికి సగం ధర. చూసి చెప్పనా?

ఆటోనగర్_కమాన్
నేను ఆ మార్కెట్ మధ్యలోనే బతుకుతున్నా, అయినా వద్దంటున్నా. డోరు కొనుక్కో, బంపర్ కొనుక్కో, సీటు కొనుక్కో. స్ప్రింగ్, లోయర్ ఆర్మ్, నకిల్, స్టీరింగ్ రాడ్ ఈ నాలుగు పాతవి కొనొద్దు. ఎన్ని లక్షల ఊపులు తిని వచ్చిందో దాని మీద రాసి ఉండదు.

సర్వీస్_కౌంటర్
ఇందాక మిగిలిన మూడో ప్రశ్నకి: జతగా మార్చండి. ఒకే రోడ్డు, ఒకే ఉప్పు, ఒకే వయసు. ఎడమది పోతే కుడిది కూడా అదే దారిలో ఉంటుంది. పైగా పాతది కొద్దిగా కుంగి ఉంటుంది, ఒక్కటే కొత్తదైతే బండి ఒక పక్కకి ఎత్తుగా నిలబడుతుంది. స్ట్రట్ ఎలాగూ దించుతారు గనుక పైన మౌంట్, బేరింగ్ కూడా చూపించుకోండి. లోయర్ ఆర్మ్ బోల్టులు విప్పితే మాత్రం చివరి బిగింపు బండి నేల మీద, చక్రాల మీద బరువు ఉన్నప్పుడు చేయించండి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే కిందకి దించగానే బుష్ రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది. ఈ ఒక్క అడుగు దాటేసే షెడ్లు చాలా ఉన్నాయి.

వినియోగదారుడు
వారంటీ విషయం. వాళ్లు రాతపూర్వకంగా తిరస్కరిస్తే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కారణం ఏర్పడిన రెండేళ్ల లోపు వేయాలి, లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు. విరిగిన ముక్క, ఫొటోలు, జాబ్ కార్డు, సర్వీస్ బిల్లులు జాగ్రత్త. నోటిమాటలు అక్కడ పనికిరావు.

ఉప్పాడ_రోడ్డు
అందరికీ ధన్యవాదాలండి. ఈరోజు వెళ్లొచ్చాను. సర్వీస్_కౌంటర్ గారు చెప్పినట్టే "బయటి దెబ్బ" అని రాసివ్వమన్నాను, రిమ్, టైరు, ఆర్మ్ పరిస్థితి కూడా రాయమన్నాను. అడ్వైజర్ రాయలేదు, లోపలికి వెళ్లి వర్క్స్ మేనేజర్‌ని తీసుకొచ్చాడు. ఆయనకి ముక్క చూపించి, భూతద్దం ఇచ్చి, గోధుమ మచ్చ, దాని మొదట్లో ఉన్న గుంట చూపించాను. ఆయన వాదించలేదు. ఫొటోలు తీయించి కంపెనీకి పంపారు. సాయంత్రానికి ఎడమ స్ప్రింగ్ వారంటీలో ఇస్తామన్నారు, కుడిది మా ఖర్చు.

కుడి స్ట్రట్ దించి చూస్తే అదే చోట, గిన్నె అంచున, పెయింటు లేచి తుప్పు గుంటలు వరసగా ఉన్నాయి. ఇంకా విరగలేదు అంతే. రెండూ మార్పిస్తున్నాను.

లోహం_లెక్చరర్
చాలా సంతోషం. కుడి స్ప్రింగ్ ఫొటో కూడా వాళ్లకి పంపండి. విరగని స్ప్రింగ్‌లో అదే చోట అవే గుంటలు ఉన్నాయంటే ఇది మీ డ్రైవింగ్ కాదనడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు. దాని మీదే కుడి వైపు ఖర్చూ అడగొచ్చు.

కాకినాడ_కెరటం
కొత్తవి వేశాక ఆ గిన్నెలో ఇసుక చేరనివ్వకండి. గిన్నె అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోతే ఉప్పు నీళ్లు అక్కడే నిలుస్తాయి. నేను వాటర్ వాష్‌లో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పించి లోపలికి కొట్టిస్తాను, తర్వాత రెండో పక్కకి.

పల్లె_ట్యాక్సీ
ఆర్మ్ తెచ్చిన, బుష్‌లు, బాల్ జాయింట్ తోటే వచ్చింది. పాతది విప్పినంక చూస్తే వెల్డింగ్ పక్కన మల్ల గీత వచ్చింది, సారు చెప్పిన చోటనే. ఫొటో పెడ్తున్న, నా లెక్క వెల్డింగ్ పెట్టిచ్చుకున్నోళ్లు చూడుండ్రి.

సునీత_స్టీరింగ్
నా బండికి వెనక ఎడమ పక్క చిన్న గతుకులకి టకటక, పెద్ద హంప్‌కి మాత్రం ఏమీ ఉండదు. ఇదీ స్ప్రింగేనా?

సర్వీస్_కౌంటర్
ముందు పక్క అయితే స్టెబిలైజర్ లింక్ రాడ్ అనేవాడిని. వెనక అంటున్నారు గనుక షాక్ అబ్జార్బర్ పై బుష్ ముందు చూపించండి, చిన్న గతుకులకే మోగేది ఎక్కువగా అదే. ర్యాంపు ఎలాగూ ఎక్కుతారు, స్ప్రింగ్ అడుగు చుట్టు, వెనక బీమ్ మీద స్ప్రింగ్ కూర్చునే చోటు టార్చి వేసి చూడమనండి. బీచ్ రోడ్డు బండి కాబట్టి.